తాళం వేయని లెక్క

సెమరాంగ్ తీరంలోని ఆ సందులో వెనింగ్ మోటార్‌సైకిల్ దిగేసరికి పంపుహౌసు ముందు జనం మూగి ఉన్నారు. పోటు నీరు అప్పటికే సందులోకి వచ్చేసింది. పిక్కల లోతు కూడా లేదు గాని, నల్లగా, రొయ్యల చెరువు వాసనతో, ఒక్కో గడపా దాటి లోపలికి పోయి తీరిగ్గా వెనక్కి వస్తోంది. ఎవరిదో రబ్బరు చెప్పు తేలుతూ పోతుంటే పట్టించుకున్నవాళ్లు లేరు.

పంపు నడిపే కస్మూరి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. యాభై దాటిన మనిషి. చేతిలో గ్రీజు గుడ్డ. ఎదురుగా కస్తినా, సోయా పాలు విరిచి చేసే తాహు ముక్కలు వేయించి అమ్ముకునే ఆవిడ. తడిసిన గ్యాసు పొయ్యిని చంటిబిడ్డలా చంకనెత్తుకుని, పెద్దమనిషిని పిలిచే 'పాక్' అన్న మాట విడవకుండానే దులిపేస్తోంది.

"నిద్రపోయావు పాక్. ఒప్పుకో, పోయేదేముంది? నీ గురక మా వంటింట్లోకి వినిపిస్తూనే ఉంటుంది."

"నిద్రపోలేదు బు," అన్నాడు కస్మూరి, అమ్మా అన్నట్టు. "పెట్టె చెప్పకుండా పంపు వెయ్యొద్దని మన సందు సంఘంలో చేతులెత్తింది మీరే. కరెంటు బిల్లు ఎక్కువొస్తోందన్నారు. పెట్టె చెప్పలేదు, నేను వెయ్యలేదు."

"పెట్టె చెప్పలేదంట. నీళ్లు నీ కాళ్ల సందులోంచే వస్తుంటే, వచ్చాయా రాలేదా అని పెట్టెనడిగావా?"

జనం నవ్వారు. కస్మూరి నవ్వలేదు, కోప్పడలేదు. గుడ్డతో ఒక్కో వేలూ తుడుచుకుంటూ నిలబడ్డాడు. ఆ తుడవడం చూస్తే వెనింగ్‌కి కష్టంగా అనిపించింది. అప్పటికే శుభ్రంగా ఉన్న వేళ్లవి.

కాలువ గోడకు నీటిమట్టం కొలిచే పరికరం ఒకటి బిగించుకుంటామని సంఘాన్ని అడగడానికి వచ్చిందామె. అడిగే సమయం కాదని తెలిసి, జనం కాస్త పలచబడ్డాక లోపలికి వెళ్లింది. కస్మూరి పంపు వేసేశాడు. దాని ఒంటి మీద అరచెయ్యి ఆనించి, డాక్టరు వీపు మీద చెయ్యి పెట్టినట్టు, తల ఒక పక్కకు వంచి వింటున్నాడు. విన్నాక పొడుగాటి దంతెతో జాలీకి పట్టిన ప్లాస్టిక్ సంచులు లాగి ఒడ్డున పడేయసాగాడు.

గోడ మీద బూడిదరంగు పెట్టె ఉంది. 'తీర్త మెగా' అని ఇత్తడి అక్షరాలు. మూతకి సీలు, సీలు విప్పితే గ్యారంటీ పోతుందన్న హెచ్చరిక. చిన్న తెర మీద ఎర్రగా ఒక వాక్యం ఇప్పుడే వెలిగింది: 'నీరు ఎక్కుతోంది. సిద్ధంగా ఉండండి, ఇంగ్గిహ్.'

వెనింగ్ ఆ చివరి మాట దగ్గరే ఆగిపోయింది. పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు చివర తగిలించే ఆ 'ఇంగ్గిహ్'ని ఏ యంత్రమూ అనదు. ముసలివాళ్లు చదివే తెర కదా, ఆజ్ఞాపించినట్టు ఉండకూడదని, కొన్నేళ్ల కిందట తనే సరదాగా చేర్చింది. కస్మూరి అనుమతితో బొత్తాలు నొక్కి లోపలి పేజీలకు వెళ్లి చూసింది. లెక్క తనది. అంకెల వరుస తనది. రాసినవాళ్ల పేర్లు ఉండాల్సిన చోట మాత్రం, సర్వహక్కులూ తీర్త మెగా సంస్థవి అని ఒక్క ముక్క ఉంది.

"ఇది నేను రాసింది పాక్," అంది.

కస్మూరి దంతె ఆపి ఆమెను, పెట్టెను మార్చి మార్చి చూశాడు.

"అయితే తప్పు మీదా ఎంబక్?"

అక్కా అన్నంత మర్యాదగా 'ఎంబక్' అని పిలుస్తూనే ఆ ప్రశ్న వేస్తాడని వెనింగ్ అనుకోలేదు.

"పాత లెక్కలో తప్పుంది. నేల కుంగుతుందని అందులో లేదు. దాన్ని సరిదిద్దాం. కాని సరిదిద్దింది ఈ పెట్టెలోకి ఎక్కించలేను. తాళం వాళ్ల దగ్గరుంది."

"మీరు రాసినదానికి వాళ్ల తాళమా?"

"నేనే ఇచ్చాను. ఎవరైనా తీసుకోవచ్చు, ఏమైనా చేసుకోవచ్చు అని."

"ఊరికేనా?"

"ఊరికే. పేర్లు ఉంచమన్నాం, అంతే."

కస్మూరి ఏదో అనబోయి, ఆడమనిషిని, పైగా చదువుకున్న మనిషిని నొప్పించడం ఎందుకనుకున్నాడేమో, మళ్లీ దంతె అందుకున్నాడు. "ఆదివారం సంఘం కూర్చుంటుందంట నా సంగతి తేల్చడానికి," అన్నాడు జాలీ వైపు చూస్తూ.

వెనింగ్ వాళ్ల కంపెనీ పేరు పాసాంగ్. సెమరాంగ్ పాత బజారులో, మోటార్‌సైకిల్ సీట్లు కుట్టే దుకాణం మీద రెండు గదులు. కింద కుట్టుమిషన్లు నడిచినంతసేపూ పైన బల్లలు సన్నగా వణుకుతుంటాయి. సముద్రం ఎప్పుడు ఎంత ఎక్కుతుంది, ఏ సందులోకి ఎంత నీరొస్తుంది, పంపు ఎప్పుడు వెయ్యాలి అని చెప్పే లెక్క వాళ్ల పని. ఆ లెక్క కోడ్ అంతా ఇంటర్నెట్‌లో అందరికీ తెరిచి పెట్టారు. పటాలు, ఫోన్లకు వెళ్లే హెచ్చరికలు, ఏడాది పొడుగునా చూసిపెట్టే ఒప్పందాలు, ఇవి మాత్రం అమ్ముకునేవి. ఆ అమ్మే పని గందుంగ్‌ది; అన్నా అన్నట్టు అందరూ 'మాస్' అని పిలుస్తారు. గెనుక్ పేటలో నేల కుంగి ఇంటి గచ్చు పదే పదే ఎత్తు చేయించుకున్న కుటుంబం వాడిది. ఏ రోజైనా ఇస్త్రీ బాతిక్ చొక్కా తప్ప వేసుకోడు.

వెనింగ్ చెప్పింది విని కుర్చీలోంచి లేచాడు.

"నేనన్నానా లేదా? తలుపులు తీసి పడుకుంటే దొంగకి మొక్కు తీరినట్టే అని అన్నానా?"

"దొంగ కాదు మాస్. మన లైసెన్స్ అలాగే ఉంది. మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు, తాళమూ వేసుకోవచ్చు. పేర్లు తీసెయ్యడమొక్కటే తప్పు."

"ఆ ఒక్కటి చాలు." వెంటనే కూర్చుని తీర్త మెగాకి ఒక మెయిల్ కొట్టాడు. మర్యాదలో ఎక్కడా లోటు రాకుండా, ఒక్క వాక్యమూ మెత్తగా లేకుండా రాయడం వాడికి వచ్చు. పంపేసి, "ఇక కొత్త వెర్షన్ మూసేద్దాం నింగ్," అన్నాడు. "మొత్తం. డబ్బిస్తేనే లెక్క."

"మూస్తే తీర్త మెగాకి నష్టం లేదు. వాళ్లు కొనుక్కుంటారు. తెగల్‌లో జాలర్ల సంఘం వాడుతోంది, దెమాక్‌లో ఉప్పుమళ్లవాళ్లు వాడుతున్నారు. మూసేది వాళ్ల మొహం మీద."

"మరేం చేద్దామంటావు? మళ్లీ ఊరికే ఇచ్చి మళ్లీ 'అయ్యో' అందామా?"

వెనింగ్ అప్పటికే ఆలోచించి పెట్టుకుంది. తెల్లబోర్డు మీద గీసి చూపించింది. ఇంకో రకం లైసెన్స్ ఉంది. తీసుకోండి, మార్చండి, అమ్మండి. కాని కొన్నవాడికి మీరు మార్చిన కోడ్ కూడా ఇవ్వాలి, మీకున్న హక్కులే వాడికీ ఉండాలి. ఆ షరతుతో కొత్త వెర్షన్ అందరికీ ఇద్దాం. ఆ షరతు వద్దు, తాళమే కావాలి అనే కంపెనీ వస్తే, విడిగా కాగితం రాసి, డబ్బు తీసుకుని ఇద్దాం.

గందుంగ్ బోర్డు వైపు చెయ్యి చూపించాడు. "అంటే ఒక చేత్తో ఊరికి దానం, ఇంకో చేత్తో షావుకారుకి బేరం. నువ్వు నాకన్నా వ్యాపారివి నింగ్. ఊరికే కంప్యూటరు ముందు కూర్చుని పాడైపోతున్నావు."

ఆమెకు గర్వంగానే అనిపించింది. ధర్మం తప్పలేదు, అన్నమూ పోలేదు.

మర్నాడు పొద్దున్నే తీర్త మెగా డైరెక్టరు హర్యాంతో స్వయంగా ఫోన్ చేశాడు. పేర్ల విషయం పొరపాటన్నాడు, పెట్టెలన్నిట్లో దిద్దిస్తానన్నాడు. ఆ తర్వాత అసలు మాటకు వచ్చాడు. నేల కుంగడం కూడా లెక్కలోకి తీసుకునే కొత్త వెర్షన్ వస్తోందని విన్నాడట. అది తనకు కావాలి. మూసి అమ్ముకునే హక్కుతో, పేర్ల గొడవ లేకుండా. ధర వాళ్లనే చెప్పమన్నాడు. అయితే దాని మీద హక్కులన్నీ ఒక్క పాసాంగ్ చేతిలోనే ఉండాలి, బయటివాళ్ల ముక్క ఒక్కటి ఉన్నా తన లాయర్లు ఒప్పుకోరు.

గందుంగ్ ఫోన్ పెట్టేసి, "బయటివాళ్ల ముక్క ఉందా?" అన్నాడు.

"ఒకటుంది," అంది వెనింగ్. "నేల కుంగే లెక్కే. తిస్నవతి గారిది."

తిస్నవతి పెకలోంగన్ రేవులో పోటు కొలిచే ఉద్యోగం చేసి రిటైరయిన మనిషి. ఎవరూ అడగకుండానే లెక్క రాసి పంపింది. అది ఇంకా విడుదల కాలేదు. ఏ షరతు మీద ఇస్తున్నదీ ఆమె రాసివ్వలేదు, వీళ్లు అడగలేదు. కాబట్టి అది ఇప్పటికీ ఆమె సొత్తే.

"ముసలావిడేగా. సంతకం పెట్టక ఏం చేస్తుంది? బండెడు మిఠాయి పట్టుకెళ్లు," అన్నాడు గందుంగ్.

వెనింగ్ వెదురుకొమ్ము కూరిన లుంపియా చుట్టల పొట్లం ఒళ్లో పెట్టుకుని రైల్లో పెకలోంగన్ వెళ్లింది. సముద్రం పక్కనే పట్టాలు. కొన్నిచోట్ల నీళ్లు కంకరను తాకుతున్నాయి.

తిస్నవతి పెరట్లో పీట వేసుకుని పనస పొట్టు కొడుతోంది. చేతులకూ కత్తికీ నూనె రాసుకుంది. లేత పనసకాయను ఎడంచేత్తో తిప్పుతూ, కుడిచేత్తో కొడుతూ, చెక్క మీద కుప్ప పడ్డదాన్ని కత్తి వెన్నుతో పక్కకు నెడుతూ, తలెత్తకుండానే, కూతుర్ని పిలిచినట్టు, "కూర్చో నాక్. చేతులు జిగురు, దణ్ణాలూ గిణ్ణాలూ తర్వాత," అంది.

వెనింగ్ అంతా చెప్పింది. పంపుహౌసు, పెట్టె, తీసేసిన పేర్లు, కొత్త లైసెన్స్. తిస్నవతి వింటూ కొడుతూనే ఉంది. పేర్లు తీసేశారన్నప్పుడు మాత్రం కత్తి ఒక దెబ్బ ఆలస్యంగా పడింది. విడిగా అమ్మే కాగితం సంగతి రాగానే పూర్తిగా ఆగింది.

"ఇంకోసారి చెప్పు. నా లెక్క నేను మీకు రాసిచ్చేస్తే, మీరు దాన్ని ఆ పెట్టెవాడికి అమ్ముతారు. వాడు తాళం వేసుకుంటాడు. నా పేరూ ఉండదు."

"అందరికీ తెరిచి ఇచ్చేది ఎలాగూ ఉంటుంది బు. ఇది అదనంగా. మీకూ వాటా ఇస్తాం."

"వాటా అడిగానా?" గొంతు పెంచలేదు. "వాడు చెప్పకుండా పేరు తీశాడని నీకు ఒళ్లు మండింది. నువ్వు చెప్పి తీస్తానంటున్నావు. నీకు మర్యాద తెలుసు, అంతవరకు నయమే."

వెనింగ్ చెవులు వేడెక్కాయి. "కంపెనీ బతకాలి కదా బు. ఆ డబ్బుతోనే కదా తెరిచిన లెక్కను చూసుకునేది."

"బతకండి. పటాలు అమ్ముకోండి, ఫోన్ సందేశాలు అమ్ముకోండి, మీ కష్టం అమ్ముకోండి. అవి మీవి. నేను రేవులో ఉన్నప్పుడు పొద్దునా సాయంత్రం కొలత తీసి రేడియోవాళ్లకి చెప్పేదాన్ని. వాళ్లు చదివేవాళ్లు, పడవలన్నీ వినేవి. పెద్ద ఓడకో అంకె, చిన్న పడవకో అంకె చదవలేదెప్పుడూ." మళ్లీ కత్తి అందుకుంది. "అందరికీ ఒకటే షరతంటే ఇప్పుడే రాసిస్తా. తీసుకున్నవాడు దిద్దితే, దిద్దింది ఇవ్వాలి. వాడైనా, నేనైనా, మీరైనా."

"మేమూనా? మేం రాసినదానికి మాకే షరతా?"

"మీరే రాసుకుంటే నన్ను వెతుక్కుంటూ ఎందుకొచ్చావు?"

పక్కింటి దొడ్డిలో బాతిక్ బట్టలకు మైనం కాస్తున్నారు. ఆ పొగ ఇటు మళ్లింది. తిస్నవతి కళ్లు మోచేత్తో ఒత్తుకుని, పొట్టంతా గిన్నెలోకి తోసింది.

"సంతకం లేదు గాని అన్నం ఉంది. కొబ్బరి కలిపి తాలింపు పెడతాను, తిని వెళ్లు. లుంపియా నువ్వే తిను, సెమరాంగ్‌వాళ్లు వెదురుకొమ్ము వాసన సరిగ్గా పోగొట్టరు."

వెనింగ్ తిన్నది. కడుపునిండా తిన్నది. రైలెక్కాక ఆ రుచి, ఆ మాటలు రెండూ దిగలేదు.

"రాసివ్వకపోతే మానె," అన్నాడు గందుంగ్. "ఒక్క లెక్కేగా. నువ్వు రాయలేవా?"

"రాయగలను."

"మరింకేం?"

రాసింది. తిస్నవతి కోడ్ ఉన్న ఫైలును తెరవకుండా, ఉపగ్రహాలు కొలిచిన నేల అంకెలు తెచ్చుకుని, పూర్తిగా వేరే దారిలో రాసింది. తను బాగా చేసే పని అదే కాబట్టి, చేస్తున్నంతసేపూ మిగతావన్నీ మర్చిపోయింది. పాత పోటుల మీద నడిపి చూస్తే కొన్ని సందుల్లో తిస్నవతి లెక్క మెరుగు, కొన్ని సందుల్లో తనది మెరుగు. ఇప్పుడు ఎవరి సంతకమూ అక్కర్లేదు. ఆపేవాళ్లు లేరు. అప్పుడే ఆమెకు ఏదో అసౌకర్యంగా అనిపించింది. ముసలావిడ ఒప్పుకోలేదు కాబట్టి అమ్మలేకపోయాం అని చెప్పుకోవడానికి కూడా ఇప్పుడు లేదు.

గందుంగ్ చూసి మురిసిపోయాడు. ఆదివారం తను కూడా పంపుహౌసుకి వస్తానన్నాడు. హర్యాంతోకి చూపించడానికి నాలుగు ఫొటోలు కావాలట.

సంఘం పంపుహౌసు పక్కనున్న ప్రార్థనశాల అరుగు మీద కూర్చుంది. చాపలు, వేడి టీ, కస్తినా తెచ్చిన తాహు, పచ్చిమిరపకాయలు. సంఘం పెద్ద మెల్లగా మాట్లాడే మనిషి. కస్మూరి ఒక మూల స్తంభానికి ఆనుకోకుండా నిటారుగా కూర్చున్నాడు. బడిలో ఫలితాల కోసం కూర్చున్న పిల్లవాడిలా ఉన్నాడు.

వెనింగ్ లేచి చెప్పింది. ఆయన నిద్రపోలేదు. పెట్టెలోని లెక్క పాతది. ఈ సందు అప్పటికన్నా జానెడు కిందికి దిగింది, పెట్టెకి ఆ సంగతి తెలియదు. అది రాసింది నేను. తప్పు ఆయనది కాదు.

కస్తినా తాహు పళ్లేన్ని కస్మూరి వైపు జరిపింది. "గురక మాట మాత్రం నిజం," అంది. ఈసారి కస్మూరి కూడా నవ్వాడు.

సంఘం పెద్ద అడిగాడు: "కొత్త లెక్క ఉందన్నారు. అది మా పెట్టెలోకి వస్తుందా?"

గందుంగ్ అందుకున్నాడు. "వస్తుంది పాక్. తీర్త మెగావాళ్లే తెచ్చి పెడతారు. మాట్లాడుతున్నాం."

"సంతోషం. నేల మాత్రం ఆగదు కదా మాస్. వచ్చే ఏడాది ఇంకా దిగుతుంది. అప్పుడు దాన్నెవరు దిద్దుతారు?"

"వాళ్లే, పాక్."

"మా ఎంబక్ వచ్చి దిద్దకూడదా?" కస్మూరి వెనింగ్ వైపు చూపించాడు. "రాసింది ఈవిడే కదా."

గందుంగ్ నోరు తెరిచాడు. వాడికి జవాబు దొరకకపోవడం వెనింగ్ చూడలేదు ఇంతవరకు. కస్తినా ఆ ఖాళీని నింపింది.

"తీర్త మెగాకి ఫోన్ చేశారా ఎప్పుడైనా? పాట వేస్తారు. మంచి పాటే. నీళ్లు పొయ్యిలోకి వచ్చేదాకా మొత్తం వినొచ్చు."

అరుగంతా నవ్వింది. గందుంగ్ నవ్వుతున్నట్టు మొహం పెట్టాడు. ఫొటోలు తియ్యడం మర్చిపోయాడు. తిరుగు దారిలో గెనుక్ దాకా వెనింగ్ బండి వెనక కూర్చుని వచ్చాడు. ఇంటి ముందు దిగి, మూడు మెట్లుండాల్సిన చోట ఒక్క మెట్టే మిగిలిన తన గడప వైపు చూస్తూ, "రేపు హర్యాంతోతో మీటింగులో నేను మాట్లాడతాను. నువ్వు లెక్క చూపించు చాలు," అన్నాడు.

సరేనంది. కాని ఇంటికి వెళ్తూ ఆమె మనసులో ఒక వాక్యం తయారు చేసుకుంది. గందుంగ్ ధర చెప్పేలోపు తనే చెప్పెయ్యాలి. వాడికి కోపం వస్తుంది. రానీ.

హర్యాంతో హోటల్ లాంజ్‌లో కూర్చుని ఉన్నాడు. వీళ్లను చూసి లేచి నిలబడ్డాడు, వెనింగ్‌కి కుర్చీ జరిపాడు. పెద్దమనిషి. లెక్క చూసి నిజంగానే మెచ్చుకున్నాడు. అడిగిన రెండు ప్రశ్నలూ పని తెలిసినవాడు అడిగేవే. వెనింగ్‌కి ఆయన్ని తిట్టుకోవడం కష్టమైంది. తర్వాత ఒప్పందం కాగితాలు బల్ల మీద పరిచి, ధర రాయాల్సిన ఖాళీ మీద కలం పెట్టి గందుంగ్ వైపు తోశాడు.

వెనింగ్ గొంతు సవరించుకుంది. గందుంగ్ ఆమెకన్నా ముందే కలాన్ని తీసి పక్కన పెట్టాడు.

"పాక్ హర్యాంతో, మా దగ్గర ఒకటే లైసెన్స్ ఉంది. దానికి రెండో కాగితం లేదు. మీరు తీసుకోవచ్చు, పెట్టెలో పెట్టి అమ్ముకోవచ్చు, మాకు పైసా ఇవ్వక్కర్లేదు. కొన్నవాళ్లకు మాత్రం మీరు మార్చింది ఇవ్వాలి, వాళ్లు విప్పుకోవడానికి అడ్డుండకూడదు. పేర్లుంటాయి."

వెనింగ్ తన వాక్యాన్ని మింగేసింది.

హర్యాంతో కాఫీ చెంచా తిప్పాడు. "ఫోన్‌లో మీరు ఇలా అనలేదు మాస్."

"అనలేదు పాక్. క్షమించండి. నిన్న నన్నొక ప్రశ్న అడిగారు, జవాబు చెప్పలేకపోయాను. అమ్మేవాడికి జవాబు లేని సరుకు నేనెప్పుడూ అమ్మలేదు."

"పేర్లెవరు చూస్తారు చెప్పండి? ఇల్లు కొన్నవాడు తాపీమేస్త్రీ పేరు అడుగుతాడా?"

"గోడ బీటలిస్తే అడుగుతాడు."

హర్యాంతో మొహంలో చిన్న నవ్వు వచ్చి పోయింది. కాగితాలు సర్దుకున్నాడు. "మీకు అందరూ పోటీ వస్తారు. మీ లెక్కే తీసుకుని మీకన్నా చవగ్గా పని చేసిపెడతారు. తెలుసా?"

"తెలుసు పాక్," అంది వెనింగ్. "వాళ్లు బాగు చేసింది మా దగ్గరికీ వస్తుంది."

"ఇలా ఎన్నాళ్లుంటుందంటారు మీ కంపెనీ?"

"చెప్పలేను," అన్నాడు గందుంగ్. "ఉన్నన్నాళ్లూ ఫోన్ ఎత్తుతాం. పాట వెయ్యం."

ఆయనకు ఆ మాట అర్థం కాలేదు. ఆలోచించుకుని చెబుతానని, కాఫీలకు డబ్బు కట్టి వెళ్లిపోయాడు. గందుంగ్ మంచినీళ్ల గ్లాసు ఎత్తి గటగటా తాగేశాడు.

"నిన్నడక్కుండా చెప్పేశాను నింగ్. కంపెనీలో సగం నీది."

"నేనూ అదే చెప్పబోయాను."

"ముందే చెప్పొచ్చుగా! పొద్దున్నించి దీన్నే వల్లె వేసుకుంటున్నాను నేను, నువ్వేమంటావోనని."

"నువ్వు చెప్పావా?"

వాడు చొక్కా కాలరు సర్దుకుని లేచాడు. "తాళాలమ్మడం నాకు చేతకాదులే. పని అమ్ముతాను. ఆ పెట్టెలున్న సంఘాలన్నిటికీ రేపటినుంచి తిరుగుతాను, లెక్క మా వాళ్లే రాశారు, పిలిస్తే వస్తారు అని చెబుతాను. అది చెప్పడానికి మాత్రం సిగ్గుండదు."

ఆ మధ్యాహ్నం కింద కుట్టుమిషన్ల చప్పుడులో వెనింగ్ కొత్త లైసెన్స్ ఫైలు పెట్టింది. తను రాసిన కొత్త లెక్కను పారెయ్యలేదు. తిస్నవతి లెక్క పక్కనే పెట్టి, ఎక్కడ ఏది మెరుగో అక్కడ అది పనిచేసేలా కలిపింది. పేర్లు రాసింది. తిస్నవతికి పంపిన గంటలోపే పెకలోంగన్ నుంచి జవాబు వచ్చింది: 'ఈ షరతు మీద ఇస్తున్నాను. నీ ఉపగ్రహం లెక్క బాగుంది, నేను అనుకోలేదు. పెద్ద పోటు నాడు వస్తాను, చూడాలి.'

పెద్ద పోటు నాటికి తీర్త మెగా నుంచి అవునని గాని కాదని గాని కబురు రాలేదు. సంఘం తీర్త మెగా పెట్టెను అలాగే గోడకు ఉంచి, పక్కనే బిస్కెట్ డబ్బాలో అమర్చిన చిన్న కంప్యూటరు ఒకటి పెట్టుకుంది. మూతకి సీలు లేదు. కస్మూరి అప్పటికే రెండుసార్లు తీసి చూసి, లోపల బొద్దింకలు దూరకుండా కన్నాలకు దోమతెర ముక్క అంటించాడు.

సూర్యుడు ఇంకా రొయ్యల చెరువుల మీదే ఉండగా డబ్బా పలికింది. కాలువలో నీరు అప్పటికింకా ఎక్కడో కింద ఉంది. కస్మూరి ఒక్క క్షణం తటపటాయించాడు. సందులో నిలబడ్డ జనం వైపు చూశాడు. బక్కెట్టుతో నీళ్లు పోసి, వాల్వు తిప్పి, పంపు వేసి, అరచెయ్యి ఆనించి విన్నాడు. నీరు పెరిగింది. కాలువ అంచుదాకా వచ్చింది. అక్కడే అటూ ఇటూ ఊగుతూ ఉండిపోయింది. కస్తినా పొయ్యి వెలిగించే ఉంది. తాహు నూనెలో పడ్డ చప్పుడు సందంతా వినిపించింది. గందుంగ్ మొదటి పళ్లెం కొన్నాడు.

తిస్నవతి లుంగీ లాంటి సరోంగును చీలమండల పైకి ఎత్తికట్టుకుని కాలువ గట్టు మీద వంగి, గోడకు కొట్టిన చెక్క కొలబద్ద చదివింది. డబ్బా తెర చూసింది. మళ్లీ కొలబద్ద చూసింది.

"రెండు వేళ్లు తేడా ఉంది నాక్. మనిద్దరి లెక్కా తక్కువే చెప్పింది. ఇక్కడ నేల మనమనుకున్నదానికన్నా తొందరగా దిగుతోంది."

"ఈ కాలువలో పాత కొలతలుంటే దిద్దొచ్చు బు. ఎవరి దగ్గరా లేవు."

"నేను చూస్తూనే ఉంటాగా," అన్నాడు కస్మూరి లోపలి నుంచి. "ఇకనించి ప్రతి పోటుకీ చూసి ఇందులో కొడతాను. ఎలా కొట్టాలో చూపించండి."

వెనింగ్ చూపించింది. ఆ సాయంత్రపు అంకెను ఆయన చేతే, ఒక వేలితో, వెతుక్కుంటూ కొట్టించింది. తర్వాత పేర్లున్న పేజీ తెరిచింది. "అంకెలు ఇచ్చినవాళ్ల పేరూ ఇందులో చేరాలి పాక్. తెగల్‌లోవాళ్లు, దెమాక్‌లోవాళ్లు అందరూ చూస్తారు. మీ పూర్తి పేరు?"

"కస్మూరి."

"తర్వాత?"

"తర్వాతేం లేదు. మా నాన్న అంతే పెట్టాడు."

ఆమె రాసింది, తిస్నవతి పేరు కింద. కస్మూరి గ్రీజు గుడ్డతో చేతులు తుడుచుకుని, ఆమెను కాస్త జరగమని, తెరకు మొహం దగ్గరగా పెట్టి ఒక్కో అక్షరమూ కూడబలుక్కుని చదివాడు. సరిగ్గానే ఉందన్నట్టు తల ఊపాడు. అప్పటికి జాలీకి మళ్లీ సంచులు పట్టాయి. దంతె తీసుకుని వెళ్లిపోయాడు.